ఊహ ఉన్నది... అపోహ ఏది?

“ఏమీ లేదండీ, వేడి చేసింది, అంతే!”

ఈ మాట వినబడని తెలుగు ఇల్లు అరుదు. నోరు పూసినా వేడి, కళ్ళు మండినా వేడి, మూత్రం మంటగా వచ్చినా వేడి, ముక్కునుండి రక్తం కారినా వేడి, సెగగడ్డ లేచినా వేడి. కడుపులో గాని, గుండెలలో గాని నొప్పి వస్తే “గ్యాస్”. పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే “పళ్ళు వస్తున్నాయి”. పెద్దవారికి నీరసం కలిగితే “రక్తం తక్కువ”. మనిషి మంచం మీద వాలిన అయిదు నిమిషాలలో ఈ నాలుగు మాటలలో ఏదో ఒకటి ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు. మిగిలినవారు తల ఊపుతారు. వంటింటినుండి మందు వచ్చేస్తుంది.

ఆ మందును గూర్చి ఇటువంటి పత్రికలలో ఎంతో రాస్తూనే ఉన్నాము. మందుకంటే ముందు పుట్టే ఆ మాటను గూర్చి మాత్రం రాయడం తక్కువ. ఆధారం చూపకుండా, రుజువు అడగకుండా మనస్సు వేసే ఆ అడుగునే తెలుగులో ఊహ అంటాము. అదే నలుగురి నోళ్ళలో నానితే ‘ఊహాపోహలు’ అంటాము. మన ఇళ్ళలో రోగం వచ్చినప్పుడు జరిగే పొరపాటు, దానికి విరుగుడు, రెండూ ఈ ‘ఊహాపోహ’ అనే మాటలోనే దాగి ఉన్నవని నా అభిప్రాయం.

ఒక మాటలో రెండు పనులు

వార్తాపత్రికలు ‘ఊహాపోహలకు తెరపడింది’ అని రాస్తాయి. ‘ఊహాపోహలను నమ్మవద్దు’ అని అధికారులు ప్రకటనలిస్తారు. ఈ వాడుకలో ఊహాపోహ అంటే ఆధారం లేని వదంతి అని మాత్రమే అర్థం. కాని విడదీసి చూస్తే ఇందులో రెండు మాటలున్నవి: ఊహ, అపోహ.

సంస్కృతంలో ఊహ అంటే “ఇది ఇట్లా అయి ఉండవచ్చును” అని ఆలోచనను ముందుకు సాగించడం. అపోహ అంటే “ఇది కాదు” అని విచారించి తొలగించడం. ముందు ప్రతిపాదించాలి, పిమ్మట పరీక్షించి నిలవని దానిని తీసివేయాలి. ఈ రెండూ జరిగిన విచారణకే ఊహాపోహ అని పేరు. పండితుల సభలలో అది గౌరవవాచకం. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ప్రజ్ఞకు ఉండవలసిన గుణాలను లెక్కిస్తూ వినాలనే కోరిక, వినడం, గ్రహించడం, నిలుపుకోవడం మొదలైన వాటితోపాటు ఊహను, అపోహను కూడా చేర్చాడు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ఈ అపోహపైననే ఒక సిద్ధాంతాన్ని నిర్మించాడు. ‘ఆవు’ అనే మాట తనకు అర్థమైన దానిని, ఆవు కానివాటిని తొలగించడం ద్వారా తెలియజేస్తుందని ఆయన వాదం.

మరి తెలుగులో ఏమైంది? ‘అపోహ’ అంటే మనకు ఇప్పుడు తప్పుడు అభిప్రాయం. “మా మధ్య అపోహలు తొలగిపోయాయి” అంటాము. తప్పును తొలగించే పనికి పెట్టిన పేరు తప్పుకే పేరయినది. చీపురును పట్టుకుని చెత్త అన్నట్లయినది! మాటలు అర్థాలు మార్చుకోవడం లోకసహజమే గనుక దానికి విచారించనక్కరలేదు. కాని మాటతోపాటు ఆ పని కూడా మన ఇళ్ళనుండి వెళ్ళిపోయిందా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఊహను నేను తక్కువ చేయడం లేదు. పిల్లవాడికి తెలివి వికసిస్తే “ఊహ తెలిసింది” అంటాము. ఊహ లేనిదే వైద్యుడు కూడా రోగి దగ్గర మొదటి ప్రశ్న వేయలేడు. ఇల్లాలు కూరలో ఉప్పు వేసేది అంచనాతోనే. అయితే ఆమె వేసి ఊరకుండదు. ఉడికిన తరువాత రుచి చూస్తుంది, తక్కువైతే కలుపుతుంది. అంచనా వెంట పరీక్ష ఉన్నది. ఉప్పు విషయంలో మనకున్న ఈ జాగ్రత్త గుండెనొప్పి విషయంలో ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

శాస్త్రం గీసిన గీత

ఆయుర్వేదం ఊహకు ఎక్కడ చోటిచ్చిందో చూద్దాము. చరక సంహిత శారీరస్థానంలో మనస్సు చేసే పనులను చెబుతూ ఊహను, విచారాన్ని పేర్కొని, ఆ తరువాతనే బుద్ధి ప్రవర్తిస్తుందని చెప్పారు. అంటే ఊహ మనస్సు చేసే పని, నిశ్చయం బుద్ధి చేసే పని. నడుమ విచారమనే మెట్టు ఉన్నది. మన ఇళ్ళలో ఆ మెట్టు దాటవేసి దూకుతున్నాము.

రోగాన్ని తెలుసుకొనడానికి విమానస్థానంలో మూడు మార్గాలు చెప్పబడినవి: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం. ఇక్కడ కూడా తెలుగువారికి ఒక చిక్కు ఉన్నది. మనకు అనుమానమంటే సందేహం. ‘అనుమానం పెనుభూతం’ అని సామెత. శాస్త్రంలో మాత్రం అనుమానం ఒక ప్రమాణం. కంటికి కనబడిన దాని ఆధారంగా కనబడని దానిని తెలుసుకొనడమే అనుమానం. ప్రత్యక్షం లేకుండా అనుమానం లేదని చరకాచార్యుల మతం. పొగను చూసి కనబడని నిప్పును తెలుసుకొనడం దీనికి ఉదాహరణ.

మన వాడుకలో ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెత వదంతిని సమర్థించడానికి పనికివస్తున్నది. తార్కికులు అక్కడ ఒక హెచ్చరిక చేశారు: ముందు అది పొగ అవునో కాదో చూడమన్నారు. దూరాన లేచిన ఆవిరిని గాని, దుమ్మును గాని పొగ అనుకుంటే నిప్పు దొరకదు. పుష్యమాసపు తెల్లవారుజామున చెరువు మీద కనిపించే దానికి తెలుగులో పొగమంచు అని పేరే ఉన్నది. దాని అడుగున నిప్పు ఉన్నదని ఎవరూ అనుకోరు గదా!

ప్రాచీన వైద్యులు అనుమానాన్ని ఎంత జాగ్రత్తగా వాడారో రెండు ఉదాహరణలు చెబుతాను. మూత్రానికి చీమలు పట్టడాన్ని ప్రమేహానికి ముందుగా కనిపించే గుర్తులలో ఒకటిగా చరక సంహిత చెప్పినది. రోగి శరీరంలోని రుచిని వైద్యుడు నాలుకతో చూడరాదు గనుక చీమలను, ఈగలను సాక్షులుగా తీసుకున్నారు. అట్లాగే రోగికి పడుతున్న రక్తం శుద్ధరక్తమా, రక్తపిత్తమా అన్న సందేహం వస్తే, దానిని కాకులకు, కుక్కలకు వేసి చూడమన్నారు. అవి తింటే శుద్ధరక్తం, ముట్టకపోతే రక్తపిత్తం. ఈనాడు ఆ పరీక్షలు మనకు అవసరం లేదు. కాని వాటి వెనుకనున్న బుద్ధిని గమనించండి. “రక్తపిత్తమే అయి ఉంటుందిలే” అని వైద్యుడు అనేయలేదు. అవునో కాదో తేల్చే సాక్షి కోసం బయటికి వెళ్ళాడు. ఇదే అపోహ.

సూత్రస్థానంలో ఇంకొక కఠినమైన మాట ఉన్నది. రోగాన్ని తెలుసుకొనక చికిత్స మొదలుపెట్టే వైద్యుడు, ఔషధాలలో ఎంత నేర్పరి అయినా, అతనికి కలిగే విజయం కాకతాళీయమే అంటుంది శాస్త్రం. వైద్యునికే ఇట్లా చెప్పినప్పుడు వంటింటి వైద్యులమైన మనమెంత?

మా ఇంట జరిగినది

నేను ఈ సంగతి పుస్తకాలు చదివి నేర్చుకున్నది కాదు. మా మేనమామగారు 58 ఏళ్ళ వయస్సులో ఒక పెళ్ళికి వచ్చి మా ఇంట దిగారు. మధ్యాహ్నం గారెలు, పూర్ణాలతో భోజనమైనది. రాత్రి 11 గంటలకు పొట్ట పైభాగాన బరువుగా ఉన్నదన్నారు. “పెళ్ళి భోజనం కదా, గ్యాస్” అన్నాము. వాము నీళ్ళు కాచి ఇచ్చాము. ఒళ్ళంతా చెమట పట్టింది. “కరెంటు పోయింది, ఉక్కగా ఉంది” అన్నారు ఒకరు. ఎడమ భుజం లాగుతున్నదన్నారు. “పొద్దున బిందెలు మోశారుగా” అన్నారు మరొకరు. అంతలో ఒక పెద్ద త్రేన్పు వచ్చింది. “చూశారా, గ్యాసే!” అని అందరమూ ఊపిరి పీల్చుకుని పడుకున్నాము. తెల్లవారుజామున వాహనం దొరికి ఆసుపత్రికి చేరేలోపల ఆయన ప్రాణం పోయింది. గుండెపోటు అన్నారు.

ఆ వాము నీళ్ళు కాచి ఇచ్చినది నేనే.

వామును నేను నిందించను. అజీర్ణానికి వాము మంచిదే. భోజనం తరువాత వచ్చిన నొప్పిని గ్యాస్ అని ఊహించడం కూడా అసహజం కాదు. కాని ఆ రాత్రి చెమట, భుజం నొప్పి, తగ్గని బరువు అనే మూడు సాక్ష్యాలు మా గుమ్మం దాకా వచ్చినవి. మూడింటికీ మూడు కొత్త ఊహలు చెప్పి పంపివేశాము. ఊహను కాపాడుకోవడానికి ఇంకొక ఊహ, దానికి తోడు మరొకటి. “ఇది గ్యాస్ కాకపోతే?” అన్న ఒక్క మాట ఆ ఇంట్లో ఉన్న ఎనిమిది మందిలో ఒక్కరి నోటనుండి రాలేదు. అపోహ చేసేవారు లేని ఇంటిలో ఊహకు ఎదురు లేదు.

ఆ త్రేన్పును గూర్చి కూడా చెప్పాలి. మందు ఇవ్వగానే కొంచెం హాయి కలిగితే దానిని మనం రుజువుగా తీసుకుంటాము. గుర్తులు స్పష్టంగా లేని వ్యాధిని ఉపశయ, అనుపశయాల చేత, అనగా దేనివలన తగ్గుతున్నది, దేనివలన పెరుగుతున్నది అన్న దానిచేత పరీక్షించమని శాస్త్రం చెప్పిన మాట నిజమే. కాని నిదానం, పూర్వరూపం, రూపం, సంప్రాప్తి అనే తక్కిన నాలుగింటితో కలిసిన అయిదవ సాక్షి అది. ఒక్క సాక్షి మాటమీద తీర్పు చెప్పరాదు. గుండెనొప్పి కూడా కొంతసేపు తగ్గినట్లుండి మళ్ళీ రావచ్చును. ఆమ్లం తగ్గించే మందు వేసుకుంటే తేలికపడినంత మాత్రాన అది గుండెకు సంబంధించినది కాదని చెప్పడానికి వీలులేదని నేటి వైద్యులు స్పష్టంగా హెచ్చరిస్తున్నారు.

నాలుగు ఊహలు, నాలుగు ప్రశ్నలు

మొదట పేర్కొన్న మాటలను ఒక్కొక్కటిగా చూద్దాము. ప్రతి ఊహకూ దానిని తొలగించగల ప్రశ్న ఒకటి ఉంటుంది. అది అడగడమే మనం చేయవలసినది.

“గ్యాస్” అన్నప్పుడు: ఛాతీ మధ్యన గాని పొట్ట పైభాగాన గాని బిగబట్టినట్లు, బండ పెట్టినట్లు ఉన్నదా? చేతికి, దవడకు, వీపుకు పాకుతున్నదా? చల్లని చెమటలు, ఆయాసం, వాంతి వచ్చేటట్లు ఉండడం ఉన్నవా? వీటిలో ఏది ఉన్నా ఆ ఊహను అక్కడికక్కడే వదిలి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి బయలుదేరాలి. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో నొప్పి అంతగా లేకుండా ఆయాసం, నిస్సత్తువ మాత్రమే కనిపించవచ్చును. ఇ.సి.జి. తీయడానికి కొన్ని నిమిషాలు చాలు. మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నా బాధ తగ్గకపోతే వైద్యులు మళ్ళీ తీస్తారు. వారు కూడా ఒక్క సాక్షితో ఊరుకోరు.

“వేడి చేసింది” అన్నప్పుడు: మజ్జిగ, సబ్జా గింజల నీళ్ళు, బార్లీ జావ, ధనియాల నీళ్ళు సాధారణంగా హాని చేసేవి కావు. మామూలు నోటిపూత ఒకటి రెండు వారాలలో మానుతుంది. మూడు వారాలైనా మానని పుండు వేడిది కాదు. పొగాకు, గుట్కా, వక్క నమిలేవారికి నోటి క్యాన్సరు భయం ఉన్నది గనుక తప్పక చూపించాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో నిప్పు ఉన్న కొనను నోటిలోపల పెట్టుకుని చుట్ట కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు, ముఖ్యంగా పెద్దవయసు స్త్రీలలో, ఉన్నది. అటువంటివారికి అంగుడు మండినా, తెల్లబడినా, పుండు పడినా ‘వేడి’ అనుకోవడం ప్రమాదం. మూత్రంలో మంటతోపాటు చలిజ్వరం, నడుముకు పక్కగా నొప్పి, మూత్రంలో రక్తం ఉంటే అది మూత్రపిండాలదాకా పాకిన వ్యాధి కావచ్చును. గర్భిణులు మంట మాత్రమే ఉన్నా ఆలస్యం చేయరాదు.

“పళ్ళు వస్తున్నాయి” అన్నప్పుడు: పళ్ళు వచ్చే వయస్సు ఆరు నెలల ప్రాంతం. అదే వయస్సులో బిడ్డ పాకడం మొదలుపెడుతుంది, దొరికినదల్లా నోట పెట్టుకుంటుంది, తల్లిపాలతోపాటు బయటి ఆహారం మొదలవుతుంది, తల్లినుండి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గుతూ వస్తుంది. విరేచనాలకు దారి ఇటునుండి. పళ్ళు ఆ సమయానికి అక్కడ కనిపించిన బాటసారి మాత్రమే. బాటసారిని దొంగ అనుకుని ఊరుకుంటే అసలు దొంగ ఇల్లు దోచుకుపోతాడు. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు, రెండింటినీ తలకొట్టి కొలిచి కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ, తల్లిపాలు మానకుండా ఇస్తూ ఉండాలి. కళ్ళు గుంటపడినా, ఏడ్చినా కన్నీరు రాకపోయినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, మలంలో రక్తం కనిపించినా గృహవైద్యం అక్కడితో ఆపాలి.

“రక్తం తక్కువ” అన్నప్పుడు: బీట్‌రూట్, ఖర్జూరం, బెల్లం, దానిమ్మ పెడతాము. నిజంగా రక్తహీనతే అయితే కొంత మేలు. కాని ఆ నీరసం మధుమేహానిదైతే? రోజూ ఖర్జూరాలు, బెల్లం పెట్టి వ్యాధిని పెంచినవాళ్ళమవుతాము. దాహం, మాటిమాటికి మూత్రం, తింటున్నా బరువు తగ్గడం ఉన్నవా అని అడగాలి. పరగడుపున రక్తంలో చక్కెర 126 మిల్లీగ్రాములు గాని అంతకుమించి గాని ఉండి, మరొకసారి చేసిన పరీక్షలోనూ అట్లాగే తేలితే అది మధుమేహం. స్త్రీలలో గర్భం లేనప్పుడు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. ఈ రెండూ చిన్న పరీక్షలు. పూర్వం చీమలు చెప్పిన సాక్ష్యమే ఇప్పుడు ఒక రక్తపు బొట్టు చెబుతున్నది.

కామెర్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ‘పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుంది’ అని మన సామెత. నిజానికి కామెర్ల రోగికి సాధారణంగా లోకం పచ్చగా కనబడదు. అతని కళ్ళు మనకు పచ్చగా కనబడతాయి. ఆ పచ్చదనాన్ని చూసి లోపలనుండి అట్లా ఉంటుందని మనమే ఊహించాము. కళ్ళు పచ్చబడడం ఒక గుర్తు మాత్రమే. నీటివలన వచ్చే కాలేయపు వాపు కావచ్చును, రక్తం ద్వారా వచ్చినది కావచ్చును, మద్యం వలన కావచ్చును, పిత్తాశయంలోని రాయి దారికి అడ్డుపడడం వలన కావచ్చును. నీటివలన వచ్చే రకం చాలామందిలో కొన్ని వారాలలో తనంతట తానే తగ్గుతుంది. అప్పుడు తాగిన పసరుకు కీర్తి వస్తుంది. అదే పసరును రాయి అడ్డుపడిన మనిషికి పోస్తే కాలం మాత్రమే గడుస్తుంది. మలం తెల్లగా సున్నంలా మారి ఒళ్ళంతా దురద పెట్టడం, మాట తడబడడం, మగత, రక్తస్రావం వంటివి కనిపించినప్పుడు, గర్భిణికి కామెర్లు వచ్చినప్పుడు పసరు పోసే ఇంటికి కాక నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

మూట, యంత్రం

చదువు పెరిగితే ఊహలు తగ్గుతాయని కొందరి నమ్మకం. 2021లో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు కర్పూరం, వాము, లవంగాలు గుడ్డలో మూటగట్టి వాసన చూస్తే రక్తంలో ప్రాణవాయువు పెరుగుతుందన్న మాట చేతి ఫోన్లలో ఊరూరా తిరిగింది. చదువుకున్నవారే దానిని ఒకరికొకరు పంపుకున్నారు. ఆ వాసనకు ముక్కు తేటపడినట్లు అనిపించడం నిజమే. ముక్కు తేటపడడం వేరు, రక్తంలో ప్రాణవాయువు పెరగడం వేరు. అదే రోజులలో వేలికి తగిలించుకునే ఆక్సిమీటరు కూడా ఎన్నో ఇళ్ళకు వచ్చింది. అంకె 94 కంటే తగ్గితే వెంటనే వైద్యుని చూడమని చెప్పారు. మూట ఊహ, ఆక్సిమీటరు అపోహ. మూట వాసన చూసినవారిని నేను తప్పుపట్టను. చూసిన తరువాత వేలికి యంత్రం తగిలించి, అది చెప్పిన మాట విన్నవారు వివేకులు.

“అయితే ప్రతి తుమ్ముకూ ఆసుపత్రికి పరుగెత్తమంటారా? పరీక్షలకు డబ్బెక్కడిది? డాక్టర్లు మాత్రం ఊహించరా?” అని పాఠకులు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నలే. జలుబు, మామూలు అజీర్ణం, చిన్న దగ్గు ఇంట్లోనే తగ్గుతాయి, తగ్గాలి కూడా. డాక్టర్లూ ఊహిస్తారు. తొలుత అనుకున్నది తప్పని పరీక్షలో తేలితే చికిత్స మార్చుకుంటారు, మార్చుకోకపోతే వారిదీ దోషమే. ఇంట్లో అపోహ చేయడానికి కావలసినది ఒక గడియారం, ఒక జ్వరమాపకం, రెండు కళ్ళు, ఒప్పుకునే మనస్సు. మొదటి మూడూ సులభంగానే దొరుకుతాయి.

పద్ధతి కూడా కష్టమైనది కాదు. మందు ఇవ్వబోయే ముందు “ఇది ఫలానా అని మేము అనుకుంటున్నాము” అని పైకి అనండి. ‘ఇది ఫలానా’ అనడానికీ, ‘అనుకుంటున్నాము’ అనడానికీ ఎంతో తేడా ఉన్నది. తరువాత “ఏది కనిపిస్తే ఇది కాదని ఒప్పుకుంటాము?” అని ఇంట్లోవారిని అడగండి. చివరగా గడువు పెట్టండి. ఛాతీనొప్పికి నిమిషాలు, పసిబిడ్డ విరేచనాలకు గంటలు, జ్వరానికి రెండు మూడు రోజులు, నోటిపూతకు మూడు వారాలు. గడువు దాటిన ఊహను గౌరవించనక్కరలేదు. ఆ ఊహ చేసినవారు ఇంటికి పెద్దవారైనా సరే. పెద్దలమాట కాదనడం అమర్యాద అనుకుని నోరు మూసుకున్న పిల్లలలో ఆ రాత్రి మా ఇంట్లో ఇద్దరున్నారని తరువాత తెలిసింది.

మన పత్రికలకూ ఒక మాట

ఇంతసేపూ గృహస్థులకు చెప్పాను. ఇటువంటి పత్రికలలో రాసేవారము మేము కూడా నిర్దోషులము కాము. “అయ్యా, నాకు తరచుగా తలనొప్పి వస్తున్నది. మంచి చిట్కా తెలుపగలరు” అని రెండు పంక్తుల ఉత్తరం వస్తుంది. వయస్సు లేదు, స్త్రీయో పురుషుడో లేదు, ఎన్నాళ్ళనుండో లేదు, రక్తపోటు చూపించారో లేదో తెలియదు. “పైత్యం వలన అయి ఉంటుంది, ధనియాల కషాయం తాగండి” అని మేము జవాబిస్తాము. అడిగినవారు ఊహించారు, చెప్పినవారు ఊహించారు, నడుమ రోగి చెయ్యి పట్టుకుని చూసినవారు లేరు. ఆ జవాబు అచ్చయి వేలమంది చేతికి వెళుతుంది. అచ్చులో కనబడిన ఊహకు రుజువు ముఖం వస్తుంది.

అందుచేత నేను కోరేది ఒక్కటి. ఏ చిట్కా అచ్చువేసినా దానికింద మూడు సంగతులు తప్పక ఉండాలి: ఇది ఎవరికి పనికిరాదు, ఎన్నాళ్ళు చూడాలి, ఏ గుర్తు కనిపిస్తే ఆపి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. ఈ మూడూ రాయలేని చిట్కా రాసేవానికే తెలియదన్నమాట. అటువంటిది అచ్చుకు ఎక్కరాదు. పాఠకులు కూడా అవి లేని చిట్కా కనిపిస్తే ఉత్తరం రాసి నిలదీయాలి. అట్లా అడిగినంత మాత్రాన గృహవైద్యానికి గౌరవం తగ్గదు. వాము వామే, ధనియాలు ధనియాలే. వాటికి చేతకాని పనిని వాటి నెత్తిన పెట్టి, ఆ తరువాత వాటికి చెడ్డపేరు తెస్తున్నది మన తొందరపాటే.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మొదటి ఊహ ఎవరిదైనా కావచ్చును. “కాకపోతే?” అని అడగవలసిన బాధ్యత మాత్రం ఆనాడు నోరు మూసుకున్న ఆ ఇద్దరిలో చిన్నదానికి అప్పగించాము. ఆమె ఇప్పుడు ప్రతిసారీ అడుగుతున్నది. చాలాసార్లు అది గ్యాసే అవుతున్నది. అప్పుడు వాము నీళ్ళు నేనే కాచి ఇస్తున్నాను.